పాత స్పోర్ట్సు కారుతో కాపురం

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. వాళ్ళ కాలంలో కార్లు లేవు గనుక సరిపోయింది గాని, ఉండి ఉంటే "పాత కారు కొని చూడు" అని మూడోమాట కూడా చేర్చేవారు. అందులోనూ అది స్పోర్ట్సు కారయితే ఇక చెప్పనే అక్కర్లేదు. ఈ మధ్య నగరంలో కొన్ని ఇళ్ళల్లో ఈ సరదా బాగానే ఉంది. ఆదివారం పొద్దున మొయినాబాదు, చేవెళ్ళ రోడ్డు మీదికి వెళ్ళి చూడండి. మర్రిచెట్ల నీడలో, పొట్టిగా, నేలకు ఆనుకున్నట్టుగా, పైకప్పు తీసేసిన బండి ఒకటో అరో కనిపిస్తుంది. చూసినవాళ్ళందరికీ ముచ్చటేస్తుంది. దాన్ని రోజూ నడిపే ఇంట్లో మాత్రం ముచ్చట ఒక పాలయితే, తంటా ఒక పాలు.

కొన్నది ఇంటాయన కావచ్చు, అబ్బాయి కావచ్చు, మీరే కావచ్చు. వాకిట్లోకి వచ్చాక ఆ బండి ఇంటి పద్దుల్లోకీ, ఇంటి వేళల్లోకీ, ఇంటి దిగుళ్ళలోకీ వచ్చేస్తుంది. అందుచేత "అది మగవాళ్ళ గొడవ, నాకెందుకులే" అనుకోవడానికి వీల్లేదు. అసలు కార్ల మోజు మగవాళ్ళ సొత్తని ఎవరన్నారు? మన సావిత్రిగారికి కార్లంటే ఎంత ప్రాణమో, స్వయంగా నడపడమంటే ఎంత సరదాయో పాతతరం వాళ్ళకు తెలిసిందే.

ముందు స్పోర్ట్సు కారంటే ఏమిటో చూద్దాం. పందేలకు మాత్రమే పనికొచ్చే బండి అనుకోకండి. ఇద్దరే కూర్చునేది, తేలికయినది, ఎత్తు తక్కువది, స్టీరింగు ఇలా తిప్పితే అలా తిరిగేది - అంతే. ఇంజను పెద్దదే కానక్కర్లేదు. ఇంగ్లండులో తయారైన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మొదట్లో 1147 సీసీ ఇంజనుతోనే వచ్చింది. ఎమ్‌జీబీ అనే బండీ, అదీ 1962లోనే బయటికి వచ్చి, 1980లోనే తయారీ ఆగిపోయాయి. ఈ రకం బండ్లు మన దేశంలో తక్కువ. స్వాతంత్ర్యానికి ముందూ, తర్వాత కొన్నేళ్ళూ నవాబులూ, జమీందార్లూ, దొరలూ తెప్పించుకున్నవి కొన్ని మిగిలాయి. 1950ల్లో ప్రభుత్వం కార్ల దిగుమతిని బాగా కట్టడి చెయ్యడంతో ఆ దారి మూసుకుపోయింది.

అయితే స్పోర్ట్సు కారుకు అప్పచెల్లెలి వరస అయిన బండి ఒకటి మన పక్కనే, మద్రాసులో తయారయింది. అదే స్టాండర్డ్ హెరాల్డ్. 1961 నుంచి 1971 దాకా మద్రాసులో తయారైన ఈ కారు, ఇంగ్లండు వాళ్ళ ట్రయంఫ్ హెరాల్డుకు మన దేశపు రూపం. దాని ఆకారం ఇటలీ శిల్పి మికెలొట్టిది. స్పిట్‌ఫైరుకు రూపం ఇచ్చినదీ ఆయనే. హెరాల్డు కింది చట్రాన్నే కాస్త పొట్టి చేసి స్పిట్‌ఫైరును కట్టారు. అందుకే ఇంజను చూడాలంటే రెండింటికీ ముందుభాగమంతా, రెక్కలతో సహా, ట్రంకుపెట్టె మూతలాగా ఒక్కసారే పైకి లేస్తుంది. టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. ఇరుకు సందుల్లో కూడా సులువుగా వెనక్కి తిరుగుతాయి. మీ ఇంట్లో మామగారి కాలంనాటి హెరాల్డు ఉంటే, ఇక్కడ నేను చెప్పేవన్నీ దానికీ వర్తిస్తాయి.

ఇక మొదటి చిక్కు ఇంజనులో లేదు, కాగితాల్లో ఉంది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం పాత బండ్ల కోసం ప్రత్యేకమైన నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను అయి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండిని "వింటేజ్" బండిగా నమోదు చేయించుకోవచ్చు. 20,000 రూపాయలు కడితే పదేళ్ళకు చెల్లుతుంది. నంబరు పలకలో "వీఏ" అనే అక్షరాలు వస్తాయి. గొప్పగానే ఉంటుంది. కాని ఒక మెలిక ఉంది. అలా నమోదైన బండిని ప్రదర్శనలకూ, పాత కార్ల ర్యాలీలకూ, పెట్రోలు పోయించడానికీ, మరమ్మతుకూ తప్ప రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. రోజూ తిప్పుకోవాలంటే మామూలు రిజిస్ట్రేషనులోనే ఉంచుకుని, అయిదేళ్ళకొకసారి బండిని తనిఖీకి చూపించి పొడిగించుకోవాలి. 20 ఏళ్ళు దాటిన బండ్లకు ఆ రుసుమును 2025లో బాగా పెంచారు. అంటే చంద్రహారం కొనుక్కుని లాకర్లో పెట్టుకోవడమా, రోజూ మెడలో వేసుకు తిరగడమా అన్నట్టే ఉంది. రెండూ కుదరవు. ఏది కావాలో ఇంట్లో అందరూ కూర్చుని ముందే తేల్చుకోవాలి.

రోజూ తిప్పడం వల్ల బండి అరిగిపోదా అంటారేమో. పాత బండిని నడిపితే అరుగుతుంది, నిలబెడితే కుళ్ళుతుంది. కదలకుండా నెలల తరబడి ఉంటే బ్యాటరీ చచ్చిపోతుంది, రబ్బరు వాషర్లు ఎండిపోతాయి, బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, పెట్రోలు చిక్కబడి జిగురు కడుతుంది. కాబట్టి తిప్పడమే మేలు. అయితే దాని వేళల్లో, దాని హద్దుల్లో తిప్పాలి. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే.

పొద్దున్నే మొదలుపెడదాం. ఈ బండి కొత్త కార్లలాగా తాళం తిప్పగానే లేవదు. చల్లగా ఉన్న ఇంజనులో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. అందుకని చోక్ లాగి గాలి తగ్గిస్తే పెట్రోలు పాలు పెరిగి అంటుకుంటుంది. ఇంజను కాస్త వేడెక్కగానే చోకును మెల్లిగా లోపలికి నెట్టెయ్యాలి. లాగింది లాగినట్టే వదిలేస్తే నల్లపొగ, ప్లగ్గులకు మసి, పెట్రోలు దండగ. పూర్వం మన వంటిళ్ళల్లో పంపు స్టవ్వులుండేవి, గుర్తుందా? బర్నరు రంధ్రంలో నలక పడితే మంట ఎగిరెగిరి పడేది, పిన్నుతో పొడిస్తే నీలంగా వెలిగేది. కార్బురేటరులోని జెట్టు కూడా అటువంటి సన్నని రంధ్రమే. టాంకు అడుగునున్న తుప్పు నలక దాంట్లో అడ్డుపడితే బండి దగ్గుతుంది, ఆగిపోతుంది. పది రూపాయల ఫిల్టరు వంద తిప్పలు తప్పిస్తుందని మెకానిక్కులు ఊరికే అనరు.

తర్వాత ఎండ. మెహిదీపట్నం, లంగరుహౌజు దాటి అప్పా కూడలి దాకా ఉండే రద్దీ ఈ బండికి అసలు పరీక్ష. కొత్త కార్లలో రేడియేటరు ఫాను కరెంటుతో తిరుగుతుంది, బండి ఆగినా అది ఆగదు. పాత బండిలో ఫాను ఇంజనుకే బెల్టుతో కట్టి ఉంటుంది. రద్దీలో ఇంజను నెమ్మదిస్తే ఫానూ నెమ్మదిస్తుంది. సరిగ్గా గాలి కావలసినప్పుడే గాలి ఉండదు. ముల్లు ఎరుపు వైపు పోతుంటే పక్కకు ఆపి బండికి విశ్రాంతి ఇవ్వండి. రేడియేటరు మూత మాత్రం తియ్యకండి. అది ప్రెషరు కుక్కరు వంటిదే. లోపల ఒత్తిడి ఉన్నంతసేపూ నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగవు, మూత తీసిన మరుక్షణం మొహం మీదికి పొంగుతాయి. కుక్కరు మూత తియ్యడానికి ఆవిరి పోయేదాకా ఆగే మనకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పక్క సీట్లో తొందరపడే మనిషికే చెప్పాలి.

ఎండాకాలంలో ఇంకో విచిత్రం. బండి బాగానే నడిచి, రద్దీలో ఆగి, ఇక కదలనంటుంది. పెట్రోలు ఉంటుంది, ప్లగ్గులో నిప్పు ఉంటుంది. అయినా లేవదు. కారణం, ఇంజను వేడికి గొట్టంలోని పెట్రోలే ఉడికి ఆవిరి బుడగలవుతుంది. పంపు పెట్రోలును తొయ్యగలదు గాని ఆవిరిని తొయ్యలేదు. మన డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసేది అందుకే. పావుగంట నీడలో ఆగితే దానంతటదే సర్దుకుంటుంది.

పెట్రోలు మాట వచ్చింది గనుక అది కూడా చెప్పేస్తాను. పాత ఇంజన్లు సీసం కలిసిన పెట్రోలు కోసం తయారయ్యాయి. ఆ సీసం వాల్వులు కూర్చునే చోట మెత్తలాగా పనిచేసేది. పిల్లల మెదడుకు చేటు గనుక మన దేశమంతటా 2000 నాటికి సీసం తీసేశారు, మంచిపనే చేశారు. దూరాలు గట్టిగా తిరిగే పాత ఇంజనుకు వాల్వు సీట్లు గట్టివి వేయించుకోవాలి. 2023 నుంచి పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్ కలిపి అమ్మడం మొదలయింది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కాబట్టి దానికి తట్టుకునే కొత్తరకం గొట్టాలు ఇంజను దగ్గర అన్నిచోట్లా వేయించండి. నిలవ పెట్రోలుతో నెలల తరబడి ఉంచకండి. పెట్రోలు వాసన వస్తే "పాత బండి కదా, మామూలే" అనుకోవద్దు. వేడి సైలెన్సరు గొట్టం మీద నాలుగు చుక్కలు పడితే చాలు, అంటుకుంటుంది. నిప్పు ఆర్పే చిన్న సీసా ఒకటి చేతికి అందేచోట ఉండి తీరాలి.

ఇప్పుడు రోడ్డు సంగతి. అప్పా కూడలి దాటితే ఒక పక్క ఉస్మాన్ సాగరు, ఇంకో పక్క హిమాయత్ సాగరు. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తర్వాత కట్టిన చెరువులవి, ఒకటి 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వాటి నడుమగా అజీజ్‌నగరు మీదుగా మొయినాబాదు, అక్కణ్ణించి చేవెళ్ళ. నగరం నుంచి సుమారు 40 కిలోమీటర్లు. ఈ దారికి పేరు తెచ్చినవి మర్రిచెట్లు. దాదాపు 900 ఉన్నాయని లెక్క. రోడ్డును నాలుగు వరుసలకు వెడల్పు చేసే పథకం వచ్చినప్పుడు ఈ చెట్ల కోసం ప్రకృతి ప్రేమికులు హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళారు. ఆ చెట్ల కింద ఎంత హాయో, వాటి మొదళ్ళు రోడ్డుకు అంత దగ్గర. తప్పుకుందామంటే చోటుండదు. పైగా తాండూరు, వికారాబాదు బస్సులు, కంకర టిప్పర్లు అదే దారిన పోతాయి. 2025 నవంబరు 3న చేవెళ్ళ దగ్గర మీర్జాగూడ వద్ద టిప్పరూ ఆర్టీసీ బస్సూ ఢీకొని 19 మంది చనిపోయారు. అంత పెద్ద బస్సుకే అంత ఆపద వస్తే, నడుమెత్తు కూడా లేని మన బండి మాటేమిటి? లారీ డ్రైవరు కూర్చున్న ఎత్తు నుంచి, పక్కనే ఉన్న ఈ బండి కనిపించకపోవచ్చు కూడా.

అందుకని మూడు విషయాలలో మొహమాటం పనికిరాదు. మొదటిది బ్రేకులు. చాలా పాత బండ్లలో నాలుగు చక్రాలకూ కలిపి బ్రేకు నూనె గొట్టం ఒకటే వరస. ఎక్కడ కారినా నాలుగు బ్రేకులూ పోతాయి, ఇక చేతిబ్రేకే గతి. బ్రేకు నూనె తేమ పీల్చుకుంటుంది, రెండేళ్ళకొకసారి మార్పించాలి. వాన నీళ్ళలోంచి వచ్చాక డ్రమ్ము బ్రేకులు కాసేపు పట్టవు. మెల్లిగా పోతూ పెడలును తేలిగ్గా నొక్కి ఆరబెట్టుకోవాలి. ముందు బండికి మామూలుకంటే రెట్టింపు దూరం వదలాలి. రెండోది మలుపులు. హెరాల్డుకూ, తొలినాటి స్పిట్‌ఫైర్లకూ వెనకచక్రాల అమరికలో ఒక లోపం ఉంది. మలుపులో వేగంగా పోతూ గభాల్న యాక్సిలరేటరు మీద కాలు తీసేస్తే చక్రం లోపలికి ముడుచుకుని వెనకభాగం జారిపోతుంది. వేగం మలుపుకు ముందే తగ్గించాలి, మలుపులో కాదు. మూడోది చీకటి. పాత డైనమో, ఇంజను నెమ్మదిగా ఉన్నప్పుడు కరెంటు సరిగ్గా ఇవ్వదు. వానలో దీపాలూ వైపరూ కలిపి వేస్తే దీపాలు మిణుగురులవుతాయి. డైనమో తీయించి ఆల్టర్నేటరు పెట్టించుకోవడం తప్పేం కాదు. పెట్టించినా సరే, ఆ దారిలో ఈ బండికి రాత్రి ప్రయాణం వద్దు.

పిల్లల సంగతి వేరే చెప్పాలా? మన దేశంలో కార్ల ముందు సీట్లకు బెల్టులు తప్పనిసరి చేసింది 1994లో. అంతకుముందు బండ్లలో చాలావాటికి ఉండవు. వేయించుకోవాలంటే పలచని రేకుకు కాదు, గట్టి చట్రానికి బిగించాలి. చంటిపిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఈ బండి ఎక్కడం మాత్రం ఎంత ముద్దొచ్చినా కూడదు. ఇద్దరి బండిలో ఇద్దరే వెళ్ళాలి. చిలుకూరు బాలాజీ దర్శనానికి ఇంటిల్లిపాదీ బయలుదేరిన రోజు ఇంట్లోని మామూలు కారో, బస్సో ఉండనే ఉంది.

ఇన్ని చెప్పాక "ఎందుకమ్మా ఈ పీడ?" అని మీరడగడం న్యాయమే. పాలిచ్చే ఆవు తన్నినా ఓర్చుకుంటాం కదా. ఇదిచ్చే పాలేమిటో కూడా చెప్పాలి. తెల్లవారుఝామున మర్రి ఊడల కిందుగా, పైకప్పు తీసేసి పోతుంటే, స్పీడు ముల్లు 50 చూపిస్తుంటుంది, ఒళ్ళు మాత్రం 100 అనుకుంటుంది. నేలకు దగ్గరగా కూర్చుంటాం, గాలి మొహానికి కొడుతుంది, అందుకే ఆ భ్రమ. అంటే వేగంగా పోకుండానే వేగం సుఖం దక్కుతుంది. నీడలోకి వచ్చినప్పుడల్లా చల్లదనం, ఎండలోకి వచ్చినప్పుడల్లా వెచ్చదనం చర్మానికి తెలుస్తాయి. తడిసిన మట్టి వాసన, పూలతోటల వాసన, చేలల్లోంచి కొత్తిమీర వాసన దారి పొడుగునా పలకరిస్తాయి. అద్దాలు బిగించుకున్న ఏసీ కారులో నలభై కిలోమీటర్లు పోతే చేవెళ్ళ చేరతాం. ఇందులో పోతే ఆ నలభై కిలోమీటర్లూ చూస్తాం. టీ కొట్టు దగ్గర ఆపితే ఒంటరిగా తాగలేం. ఎవరో ఒక పెద్దాయన వచ్చి "ఇది ఏ మోడలు? మా దొర దగ్గర ఇట్లాంటిదే ఉండె" అని మొదలుపెడతాడు.

ఇంకో సుఖం ఉంది, అది ముఖ్యంగా మనకు. హాల్లో కూర్చునే పోపు మాడుతోందని పసిగట్టేవాళ్ళం మనం. కుక్కరు కూత మారితే వాషరు పోయిందని చెప్పేస్తాం. ఈ బండికి కావలసింది సరిగ్గా అటువంటి ముక్కూ చెవే. తియ్యటి ఆవిరి వాసన వస్తే రేడియేటరు ద్రవం కారుతోందన్నమాట. కాలిన వాసన వస్తే క్లచ్చు. కుళ్ళిన గుడ్డు వాసనయితే బ్యాటరీ మితిమీరి చార్జవుతోంది. పొద్దున ముగ్గు వేసేటప్పుడు బండి కింద ఒక చూపు చూడండి. ఇంజను కింద నల్లచుక్క ఒకటీ రెండూ ఇంగ్లీషు బండ్లకు అలవాటే. చక్రం లోపలి పక్క పలచగా, జిడ్డుగా తడి కనిపిస్తే అది బ్రేకు నూనె. ఆ రోజు ఎవరెంత తొందరలో ఉన్నా బండి వాకిలి దాటకూడదు. తాళాలు మీ కొంగున కట్టుకోండి.

చివరగా కొన్ని అలవాట్లు. పాలపద్దు రాసినట్టే బండికీ ఒక చిన్న పుస్తకం పెట్టండి. నూనె మార్చిన తేదీ, పోయించిన పెట్రోలు, తిరిగిన దూరం రాస్తుంటే, జబ్బు రాకముందే లెక్కల్లో తెలుస్తుంది. ఇంజను నూనె 5,000 కిలోమీటర్లకు మించనివ్వకండి. టైరు గాట్లు బాగున్నాయి కదా అని మోసపోకండి, రబ్బరుకు వయసు ముఖ్యం. ఆరేళ్ళు దాటితే ఏటా చూపించాలి, పదేళ్ళు దాటితే మార్చెయ్యాలి. ఇంగ్లండు బండ్ల బోల్టులు అంగుళాల లెక్కవి. మిల్లీమీటర్ల స్పానరుతో బలవంతం చేస్తే తలలు అరిగిపోతాయి. అందుకని అంగుళాల స్పానర్లు సొంతంగా కొని, మెకానిక్కు చేతికి మీరే ఇవ్వండి. డిక్కీలో ఒక ఫాను బెల్టు, ఒక పాయింట్ల సెట్టు, రెండు లీటర్ల నీళ్ళు, ఒక పాత తువ్వాలు ఎప్పుడూ ఉంచండి. గాబరా పడకుండా మీ మాట వినిపించుకునే ముసలి మేస్త్రీ ఎక్కడైనా దొరికితే వదులుకోకండి. పండక్కి ఆయనకూ ఒక డబ్బా మిఠాయి పంపండి.

మీ ఇంట్లో ఇటువంటి బండి ఉండి, గుడ్డ కప్పి పడి ఉంటే, ముందు బ్రేకులూ, గొట్టాలూ, టైర్లూ చూపించండి. తర్వాత ఒక ఆదివారం తెల్లవారుతూనే బయలుదేరి మొయినాబాదు దాకా వెళ్ళి, రెండు కట్టల కూరాకు కొనుక్కుని, ఎండెక్కకముందే ఇంటికి వచ్చెయ్యండి. అది సాఫీగా జరిగితే పై వారం చేవెళ్ళ. అదీ జరిగితే ఆఫీసుకు, బజారుకు రోజూ పట్టుకెళ్ళవచ్చు. వెనక సీటు లేదు గనుక కూరలసంచీ మీ కాళ్ళ దగ్గరే ఉంటుంది, అదొక్కటి మాత్రం సర్దుకోవాలి.